నాభా మహారాజు రిపుదమన సింగు: గద్దె యెవ్వరి సొత్తు?

1942వ సంవత్సరము డిసెంబరు నెలలో కొడైకెనాలు కొండమీద నొక రాజబందీ కన్నుమూసెను. పంజాబు మైదానములలోని గోధుమచేల నడుమ పుట్టి, పదునొకండేండ్లకు పైగా నొక సిక్కు సంస్థానము నేలి, పిదప దాదాపు పదునైదేండ్లు మధుర జిల్లాలోని యా చలికొండమీద దొరతనమువారి కావలిలో గడపిన యాతడు నాభా మహారాజగు రిపుదమన సింగు. ఆంధ్రులలో సర్కారులవారును, సీమవారును నాడు ఆ చెన్నరాజధానికి చెందినవారే. కాని యాయన తెలుగునాటికిగాని అరవనాటికిగాని తనంత తాను వచ్చినవాడు కాడు. పంపబడినవాడు. ఆయనపై నభియోగము మోపి, సాక్షులను పిలిచి, యిన్నియేండ్ల నిర్బంధ శిక్షను విధించిన న్యాయస్థాన మెద్దియును లేదు. 1818వ సంవత్సరపు మూడవ రెగ్యులేషను అను నొక పాత శాసనము చాలినది. లాలా లజపతిరాయిని 1907లో మాండలేకు పంపినదియు నా శాసనమే.

ఆయన మరణించునాటికి దేశమంతయు క్విట్ ఇండియా సంక్షోభములో మునిగియుండెను. పందొమ్మిదేండ్లకు పూర్వ మీ మహారాజు వ్యవహారము మూలమున నాభా చెరసాల రుచి చూచిన జవహర్‌లాల్ నెహ్రూ నాడు అహమ్మదునగరు కోటలో బందీగా నుండెను. సంస్థానాధీశుడును, సంస్థానములే వలదను కాంగ్రెసు నాయకుడును ఒకే ప్రభుత్వపు కావలిలో నుండుట వింతగా దోచవచ్చును. ఆ వింతలోని నిజమును గ్రహింపవలెనన్న రిపుదమనుని జీవితమును మొదటినుండియు చూడవలయును. ఆయనను త్యాగమూర్తి యని కొనియాడినవారు కలరు. దుర్మార్గుడని దూషించినవారును కలరు. ఈ రెండు మాటలలో నే యొక్కటియు నాయన జీవితమునకు సరిపోదు.

సత్లజు నదికి దక్షిణమున నుండిన ఫూల్కియా సంస్థానములు మూడు: పటియాలా, నాభా, జింద్. మూడింటికిని మూలపురుషుడు ఫూల్ అను జాటు చౌదరి. ఆయన పెద్దకుమారుడగు తిలోకుని సంతతివారు నాభా, జింద్ ప్రభువులు. రెండవ కుమారుడగు రాముని సంతతివారు పటియాలా ప్రభువులు. తిలోకుని మునిమనుమడగు హమీర్ సింగు 1755లో నాభా పట్టణమును నిర్మించెను. వంశక్రమమును బట్టి నాభా పెద్దయిల్లు. భూమిని బట్టి, ధనమును బట్టి, సైన్యమును బట్టి పటియాలా పెద్దయిల్లు. నాభా విస్తీర్ణము సుమారు 950 చదరపు మైళ్లు మాత్రమే. అదియు నొక్కచోట నున్నది కాదు, ముక్కలు ముక్కలుగా పటియాలా భూముల నడుమ చెదరియుండెను. జ్యేష్ఠత్వ మొకరిది, సంపద మరియొకరిది యైనపుడు దాయాదుల నడుమ నేమి పుట్టునో భారతము చదివినవారికి చెప్పనక్కరలేదు.

1809లో రణజిత్ సింగు విస్తరణకు వెరచి ఈ రాజులందరును ఈస్టిండియా కంపెనీవారి రక్షణలో చేరిరి. రక్షణ యనునది యెంతటి వెలగలదో నాభావారు ముప్పదియేడేండ్లలో తెలిసికొనిరి. 1845-46లో కంపెనీకిని లాహోరు సిక్కు రాజ్యమునకును యుద్ధము జరిగినపుడు నాభా రాజగు దేవేంద్ర సింగు కంపెనీకి వలసిన సాయము చేయలేదని నింద పడినది. 1846లో నాతనిని గద్దెనుండి దించివేసిరి. రాజ్యములో నాలుగవవంతు హరించిరి. అందొక భాగమును పటియాలాకు బహుమానముగా నిచ్చిరి. దేవేంద్ర సింగు దూరప్రాంతములలో కావలియందుండి 1865లో లాహోరున మరణించెను. ఆతని బాలుడగు కుమారుని గద్దెపై నుంచిరి. పదునొకండేండ్లు గడచునప్పటికి 1857 తిరుగుబాటు వచ్చెను. ఈసారి నాభావారు తప్పు చేయలేదు. ఆంగ్లేయులకు దండు పంపిరి. ఉరితీయబడిన ఝజ్జర్ నవాబు భూములలోని బావల్, కాంతీ ప్రాంతములు వారికి బహుమానముగా వచ్చినవి. సాయపడనివాని భూమి తీసి సాయపడినవానికిచ్చుట, సాయపడినవాడు పిమ్మట తప్పినచో వానిది మరియొకనికిచ్చుట: ఇదియే సార్వభౌమాధికార మనబడు తంత్రము. గద్దె వంశపారంపర్యమని కాగితముపై నుండెను. కాని ఆ పారంపర్యపు తాళపుచెవి కలకత్తాలో నుండెను.

1871లో నాభా వంశము నిస్సంతు కాగా, జింద్ శాఖకు చెందిన బడ్రూఖాన్ గ్రామపు సర్దారులలోనుండి హీరాసింగు నేరితెచ్చి రాజును చేసిరి. ఆయన నలుబదియేండ్లు పాలించెను. సమర్థుడనియు, నిరాడంబరుడనియు పేరుపొందెను. ఆంగ్లేయులయెడ నాతని విధేయతకు లోపము లేదు. ఆతని కుమారుడే మన కథానాయకుడు. 1883వ సంవత్సరము మార్చి 4వ తేదీన జన్మించెను.

రాజకుమారులను దొరల కళాశాలలకు పంపి, క్రికెట్టును వేటయు నేర్పించి, తమ ప్రజల భాషను మరపించుట ఆ కాలపు పద్ధతి. రిపుదమనున కట్టి విద్య కలుగలేదు. తండ్రి యింటనే చదువు చెప్పించెను. గురువులలో నొకడు భాయీ కాహన్ సింగు. సిక్కు వాఙ్మయమునకు మహాకోశమును రచించి 1930లో ప్రకటించిన మహాపండితు డాయనయే. మెకాలిఫ్ అను నాంగ్లేయుడు సిక్కు మతమునుగూర్చి వ్రాసిన గొప్ప గ్రంథమునకు తోడ్పడినవాడును ఆయనయే. అట్టి గురువువద్ద చదివిన శిష్యునకు తన మతమునందు గౌరవము, తన జాతియం దభిమానము, తాను రాజకుమారుడనను పట్టుదల మూడును కలసి పెరిగినవి. మొదటి రెండును ఆయనకు కీర్తి తెచ్చినవి. మూడవది ముప్పు తెచ్చినది.

1906 మొదలు 1908 వరకు యువరాజు రాజప్రతినిధి శాసనసభలో సభ్యుడుగా నుండెను. గోఖలే వంటివారు కూర్చుండిన సభ యది. సంస్థానపు యువరాజులు అట్టిచోట తలయూచుటకే పోవుదురని దొరతనమువారి నమ్మకము. రిపుదమనుడు తలయూపుటతో తృప్తిపడక 1908లో సిక్కుల ఆనంద వివాహమునకు చట్టబద్ధత కల్పించు బిల్లును ప్రవేశపెట్టెను. సిక్కులు గురుగ్రంథము నెదుట తమ పద్ధతిని చేసికొను పెండ్లిండ్లు చెల్లునా చెల్లవా యను సందేహ మానాడు న్యాయస్థానములలో నుండెను. ఆయన సభ్యత్వకాలము ముగియగా సుందర్ సింగు మజీథియా యా బిల్లును నడపెను; 1909లో నది శాసనమయ్యెను. ఇరువదియైదేండ్ల యువకుడు తలపెట్టిన యా పని లక్షలాది కుటుంబముల పెండ్లిని, వారసత్వమును వివాదమునుండి కాపాడినది. ఆయన చేసిన పనులలో నిలిచియున్నది ఇదియే.

1911 డిసెంబరులో హీరాసింగు మరణించెను. కుమారుడు రాజ్యమునకు వచ్చెను. వచ్చిననాడే తగవు మొదలయ్యెను. తండ్రి చనిపోయినంతనే కుమారుడు రాజగునా, లేక రాజప్రతినిధి యొక్క ఏజెంటు వచ్చి గద్దెపై కూర్చుండబెట్టినపుడు రాజగునా? రిపుదమనుడు సిక్కు పద్ధతిని తనంత తాను పట్టాభిషేకము చేసికొనెను. దొరతనమువా రది చెల్లదనిరి. తమ చేతిమీదుగా జరుగవలెననిరి. సుమారొక సంవత్సరము ఉత్తరప్రత్యుత్తరములు నడచి, 1912 డిసెంబరులో రాజీ కుదిరెను. చూచుటకిది కేవలము మర్యాదలనుగూర్చిన పేచీ. కాని ఏజెంటుదొరకు దానియర్థము బాగుగా తెలియును. గద్దె తన పుట్టుకవలన వచ్చినదని యువకుడు చెప్పుచుండెను. గద్దె తమ యనుగ్రహమువలన వచ్చినదని వారు చెప్పుచుండిరి. అది మొదలు సిమ్లాలోని కాగితములలో నాభా పేరునకెదురుగా నొక చుక్క పడినదనుకొనవచ్చును.

యూరపు మహాయుద్ధము వచ్చెను. పటియాలా మహారాజగు భూపేంద్ర సింగు ఆంగ్ల సామ్రాజ్యమునకు కుడిభుజమై నిలిచెను. 1918లో లండనులో సామ్రాజ్య యుద్ధమంత్రివర్గ సమావేశములందు కూర్చుండెను. బిరుదములును మర్యాదలును ఆయనను వెదకికొని వచ్చినవి. నాభాకు అట్టి పలుకుబడి లేకపోయెను. యుద్ధానంతరము దేశము మారినది. జలియన్‌వాలాబాగు జరిగినది. గురుద్వారములను మహంతుల చేతులనుండి విడిపించుటకై అకాలీలు ఉద్యమము నారంభించిరి. 1921 ఫిబ్రవరిలో నన్కానా సాహెబునందు మహంతు మనుష్యులు అకాలీలను ఘోరముగా చంపిరి. సిక్కులోకము దుఃఖములో నల్లపాగాలు ధరింపగా నాభా మహారాజును నల్లపాగా ధరించెను. సంస్థానాధీశుని తలపై నల్లపాగా! దొరతనమువారి కది మతచిహ్నముగా కనబడలేదు, జెండాగా కనబడినది.

ఇంతలో పటియాలాతో వైరము ముదిరిపోయెను. సరిహద్దు తగవులు, పారిపోయినవారిని అప్పగించు తగవులు, ఉద్యోగుల తగవులు కుప్పలుగా పెరిగినవి. నాభా పోలీసువారును న్యాయాధికారులును పటియాలా యుద్యోగులమీదను ప్రజలమీదను దొంగకేసులు కల్పించి శిక్షలు వేయించుచున్నారని భూపేంద్ర సింగు ఫిర్యాదు చేసెను. 1923 ఆరంభమున అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి స్టూవర్టు అంబాలాలో విచారణ జరిపెను. పెక్కు విషయములలో తీర్పు నాభాకు వ్యతిరేకముగా వచ్చెను.

ఇచ్చట మనము న్యాయము తప్పరాదు. రిపుదమనుని నిర్బంధించినవారు మనలను నిర్బంధించినవారే యగుటచేత ఆయన చేసినదెల్ల మంచిదని వాదించుట సత్యమునకు ద్రోహము. పొరుగురాజుపై పగతో పేదవారిని, చిన్న యుద్యోగులను చెరలో వేయించుట రాజధర్మము కాదు. న్యాయాసనమును పగ తీర్చుకొను పనిముట్టుగా చేసినవాడు తన కాళ్లక్రింది నేలను తానే త్రవ్వుకొన్నట్లు. మన బొబ్బిలి కథను తెలుగువారు మరువలేదు. ఇరుగుపొరుగు రాజుల వైరములోనికి 1757లో బుస్సీ ఫిరంగులు వచ్చినవి. ఓడినవాని కోట కాలినది, గెలిచినవాడును బ్రతికి బావుకొనలేదు. నాభా పటియాలాల వైరములోనికి అంబాలా విచారణ వచ్చినది. ఇంటి తగవునకు పరాయివానిని పెద్దమనిషిగా పిలిచినచో వాడు తీర్పుతోపాటు ఫలమును కూడ తానే తీసికొనును.

1923 జూలై 9వ తేదీన మహారాజు గద్దె విడిచెను. నాలుగేండ్లు నిండని కుమారుడు ప్రతాప సింగున కది చెందునట్లును, తాను సంస్థానము వెలుపల నివసించునట్లును, సాలునకు మూడు లక్షల రూపాయల భత్యము పుచ్చుకొనునట్లును ఏర్పాటు. స్వచ్ఛందముగా విడిచెనని దొరతనమువారు ప్రకటించిరి. బలవంతముగా విడిపించిరని సిక్కులు నమ్మిరి. సైన్యమును, అధికారులును నాభాలో ప్రవేశించి మహారాజును డెహ్రాడూనుకు పంపించిరి. విల్సన్ జాన్‌స్టన్ అను దొర పరిపాలకుడుగా వచ్చి కూర్చుండెను. విచారణలో రుజువైన నేరమునకు తగిన శిక్ష పరిహారము చెల్లించుట. గద్దె విడుచుట యా నేరమునకు శిక్ష కాదు. 1912 నాటి పట్టాభిషేకమునకును, 1921 నాటి నల్లపాగాకును కలిపి కట్టిన లెక్క.

అటుపై జరిగినది రిపుదమను డూహించినది కాదు. దొరతనమువారును ఊహించినది కాదు. శిరోమణి గురుద్వార ప్రబంధక సంఘము మహారాజు పక్షము వహించెను. సెప్టెంబరు 9వ తేదీ నాభా దినముగా జరుపబడెను. నాభా రాజ్యములోని జైతో గ్రామమున గంగ్‌సర్ గురుద్వారమునందు సభలు జరిగినవి. అరెస్టులు జరిగినవి. సెప్టెంబరు 14వ తేదీన నచ్చట నడచుచున్న అఖండపారాయణమునకు అధికారులు భంగము కలిగించిరని సిక్కులు మండిపడిరి. గురుగ్రంథ పారాయణము నడుమ నాగుట వారికి సహింపరానిది. అంతటినుండి అది ఒక రాజు గద్దెనుగూర్చిన తగవుగా నుండక, ప్రజలు తమ దేవుని తాము తలచుకొను స్వాతంత్ర్యమునుగూర్చిన పోరాటమయ్యెను. నూటయొక్క అఖండపారాయణములు జైతోలోనే పూర్తిచేయుదుమని ప్రతిన పట్టి, జట్టులు జట్టులుగా అమృతసరమునుండి కాలినడకను బయలుదేరిరి.

ఆ సెప్టెంబరులోనే ఢిల్లీలో కాంగ్రెసు ప్రత్యేక సమావేశము ముగించుకొని జవహర్‌లాలును, ఆచార్య గిద్వానీయును, కె. సంతానమును జైతో సంగతి చూడవచ్చిరి. రాజ్యములో నుండరాదను నాజ్ఞ నిచ్చిరి. వెళ్లుటకు రైలు లేదని చెప్పినను వినక పట్టుకొనిరి. నెహ్రూ చేతిని సంతానము చేతిని ఒకే బేడీతో కట్టి వీధులలో నడిపించిరి. తేమయెక్కిన మట్టినేల గది, రాత్రివేళ ముఖముపై పరుగులిడు ఎలుకలు, ఆంగ్లము సరిగా రాని న్యాయాధికారి: ఇవి నాభా చెరసాల విశేషములు. కుట్రకేసు నిలువవలెనన్న ముగ్గురు చాలరు గనుక సంబంధములేని యొక సిక్కును నాల్గవవానిగా చేర్చిరి. శిక్షలు విధించి, ఆ సాయంకాలమే వానిని నిలిపి, రాజ్యమునుండి వెడలగొట్టిరి. వెడలునపుడు వారు చెరనుండి తెచ్చుకొన్నది విషజ్వరము. కొన్ని నెలలకు గిద్వానీ మరల జైతోకు పోగా నాతనిని పట్టి సుమారొక సంవత్సరము నాభా జైలులోనే యుంచిరి. సంస్థానమనగా నేమో, అందు చట్టమనగా నేమో నెహ్రూకు తెలియవచ్చిన పాఠశాల యది. పదునాఱేండ్ల పిదప 1939లో నాభాకు దూరముకాని లూధియానాలో అఖిలభారత సంస్థాన ప్రజామహాసభకు ఆయనయే అధ్యక్షుడుగా వచ్చెను.

1923 అక్టోబరులో ప్రబంధక సంఘమును, అకాలీదళమును చట్టవిరుద్ధములని ప్రకటించి నాయకుల నందరను చెరలో వేసిరి. ఆ డిసెంబరులో కాంగ్రెసు మహాసభ మన కాకినాడలో జరిగెను; మౌలానా మహమ్మదాలీ అధ్యక్షుడు. సిక్కుసంఘములపై జరిగిన యీ దాడి యహింసాయుత కార్యములకై సంఘములుగా కూడు హక్కునకు, అనగా భారతీయులందరి హక్కునకు, సవాలని కాకినాడ తీర్మానించెను. గోదావరి డెల్టాలోని రైతులు కట్టిన పందిళ్లలో నాభా పేరు మ్రోగినది రాజుగారి గద్దెకొరకు కాదు, ప్రజల హక్కుకొరకు. ఈ తేడాను ఆ నాడే గ్రహించినవారు దూరదృష్టి గలవారు.

1924 ఫిబ్రవరి 9వ తేదీన ఐదువందలమంది గల మొదటి షహీదీ జట్టు అకాల్‌తఖ్తు నుండి కదలెను. దారిపొడుగున పల్లెలవారు అన్నపానములిచ్చి వెంట నడచిరి. 21వ తేదీన జైతో చేరగా నాభా పరిపాలకుని యాజ్ఞమీద తుపాకులు పేలినవి. అవి నన్కానా హత్యల వార్షిక దినములు. చనిపోయినవారి సంఖ్యనుగూర్చి దొరతనమువారి లెక్కయు అకాలీల లెక్కయు ఎన్నడును కలియలేదు. జనములోనుండి మొదట కాల్చిరని అధికారులనిరి. ఆయుధము ముట్టమని ప్రతినపట్టిన వారమని అకాలీలనిరి. అప్పుడే చెరనుండి విడుదలయైన గాంధీమహాత్ముడు దుఃఖించి, మరల జట్టులను పంపుటకు ముందు నిదానింపుడనియు, గురుద్వార సమస్యను నాభా గద్దె సమస్యతో కలపవలదనియు హితవు చెప్పెను. కాని జట్టులాగలేదు. మార్చిలో వచ్చిన రెండవజట్టు నెమ్మదిగా అరెస్టుకు లోబడెను. దానివెంట జట్టుమీద జట్టు వచ్చెను. సముద్రముల కావల కెనడానుండి కూడ సిక్కులు వచ్చి చెరకు పోయిరి.

తుదకు 1925 జూలైలో పంజాబు గురుద్వారముల చట్టము నెగ్గెను. గురుద్వారములు ప్రజలు ఎన్నుకొన్న సంఘముల చేతికి వచ్చినవి. ఆగస్టు మొదటివారములో జైతోలో నూటయొక్క పారాయణములు ముగిసినవి. ఉద్యమము గెలిచెను. మహారాజు గెలువలేదు. రాజీలో నాభా గద్దె మాట లేదు. ఆ సమయమున పంజాబు గవర్నరు హెయిలీ నేర్పరి; ధర్మసమస్యను విడదీసి తీర్చి, గద్దె సమస్యను గాలికి వదలెను. మహారాజును గద్దెపై నిలుపవలెనని బయలుదేరిన వేలాది రైతులు తమ దేవాలయములను తాము సాధించుకొని యింటికి మరలిరి. చరిత్రలో నిది అపూర్వము కాదు. ప్రజలు రాజు పేరుతో బయలుదేరుదురు. తమ హక్కుతో తిరిగివత్తురు.

డెహ్రాడూనులో రిపుదమనుడు ఊరకుండలేదు. తనకు జరిగిన యన్యాయమును పత్రికల ద్వారమున, మిత్రుల ద్వారమున చాటుచునే యుండెను. 1927 ఫిబ్రవరిలో దక్షిణమునకు యాత్ర వచ్చెను. నిజాము రాజ్యములో గోదావరి తీరమున నుండిన నాందేడు హజూర్ సాహెబు గురు గోవిందసింగు తనువు చాలించిన పుణ్యస్థలము. అచ్చట మహారాజు మరల అమృతదీక్ష పుచ్చుకొని గురుచరణ్ సింగు అను క్రొత్తపేరు వహించెను. రిపుదమనుడనగా శత్రువుల నణచువాడు. గురుచరణుడనగా గురుపాదముల చెంత నుండువాడు. శత్రువులే తన నణచిన పిదప ఆయన గురుపాదముల నాశ్రయించెను. కాని నాందేడు యాత్రయు, క్రొత్తపేరును, ఆగని ప్రచారమును దొరతనమువారికి పదవీచ్యుత ప్రమాణములకు విరుద్ధముగా తోచినవి. 1928 ఫిబ్రవరి 19వ తేదీన అలహాబాదులో ఆయనను నిర్బంధించి, మహారాజ బిరుదము తీసివేసి, భత్యమును నెలకు పదివేలకు తగ్గించి, కొడైకెనాలుకు పంపిరి. ఎనిమిదేండ్ల బాలుని మహారాజుగా నంగీకరించిరి. ఆ బాలుని చదువు తండ్రి కన్నులయెదుట గాక ఇంగ్లండులో సాగెను.

ఇక కొండమీద గడచిన యేండ్లనుగూర్చి చెప్పదగినది కొంచెము. కట్టుబాటులలో బ్రతుకు అన్ని దినములును ఒక్కటిగానే యుండును. క్రింద దేశములో ఉప్పు సత్యాగ్రహము జరిగెను. రౌండుటేబిలు సభలు జరిగెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గములు వచ్చినవి, పోయినవి. రెండవ మహాయుద్ధము వచ్చినది. 1941లో ప్రతాప సింగునకు నాభాలో అధికారము లొసగబడెను. తండ్రి బందీగానే యుండెను. మరుసటియేట మరణించెను. 1846లో దేవేంద్ర సింగున కేమి జరిగెనో దాదాపదియే రిపుదమనున కును జరిగినది: గద్దె పోవుట, బాలుడైన కుమారుడు వచ్చుట, దూరదేశపు కావలి, అచ్చటనే మరణము. ఒకే యింట నొకే కథ రెండుమార్లు నడచినపుడు తప్పు వ్యక్తులదే యనుట కష్టము. కథ నడపించువా డొకడు వేరుగా నున్నాడని తెలియవలెను.

ఆతనిని తెలిసికొనుటకు నాభానుండి పటియాలావైపు చూచిన చాలును. 1930లో సంస్థాన ప్రజామహాసభవారు పటియాలా ప్రభువుపై నొక అభియోగపత్రమును ప్రకటించిరి. అందలి యారోపణలు నాభాపై వచ్చినవానికంటె మిక్కిలి భయంకరములు. దొరతనమువారు విచారణ జరిపించిరి. జరిపినవాడు ఫిట్జ్‌పాట్రిక్ అను రాజప్రతినిధి ఏజెంటే. భూపేంద్ర సింగు నిర్దోషియని తేలెను. ప్రజానాయకుడగు సేవాసింగు ఠీక్రీవాలా 1935 జనవరిలో పటియాలా చెరసాలలో మరణించెను. భూపేంద్ర సింగు 1938లో గద్దెమీదనే మరణించెను. ప్రజలను పీడించినవాడు గద్దెపై నుండగలడు. ఏజెంటు మాట వినని వాడుండలేడు. అన్యాయము చేసినవాడని రిపుదమనుని తీసివేసిరన్న మాట నీ యొక్క పోలికయే కొట్టివేయుచున్నది.

పెద్దల విషయములోను నిదియే నీతి. నాభా మహారాజు పదవీత్యాగము నంగీకరించిన రాజప్రతినిధి రీడింగు ప్రభువే 1926 మార్చిలో హైదరాబాదు నిజామునకు బేరారు విషయమున ఉత్తరము వ్రాయుచు, ఆంగ్ల ప్రభుత్వముతో సమానుడనని చెప్పుకొనుటకు ఏ సంస్థానాధీశునకును హక్కులేదని ఖండితముగా తెలిపెను. 1929లో బట్లరు సంఘము సార్వభౌమాధికారమునకు హద్దులు గీయుటకు నిరాకరించెను. దేశీయ ప్రభువులలో మొదటివాడగు నిజామునకే గతి లేనపుడు చిన్న నాభా మాట చెప్పనేల?

రిపుదమనుని విషాద మిందున్నది. గద్దె పరాయివాని దయాధర్మము కాదని ఆయన కనిపెట్టెను. అది నిజము. అది తన పుట్టుకహక్కని యనుకొనెను. అది పొరపాటు. ఆయనకొరకు అన్నము మాని నడచి, తుపాకుల కెదురుగా నిలిచిన రైతులకు నాభాలో నొక చట్టసభ లేదు, బాధ్యతగల ప్రభుత్వము లేదు; ఇవి ఫూల్కియా సంస్థానములలో నెక్కడను లేవు. ఏజెంటునకు తలవంచనని చెప్పిన మహారాజు తన ప్రజలకు తలవంచి, ఈ గద్దె మీదే యని యొక్కనాడు చెప్పియున్నచో అంబాలా విచారణ యాయన నేమియు చేయలేకపోయెడిదేమో. ప్రజలు రక్షింపలేని గద్దెను పుట్టుక రక్షింపలేదు. పుట్టుకను నమ్మినవాడు కొడైకెనాలు చేరెను; ఏజెంటును నమ్మినవాడు సుఖముగా నుండెను; ప్రజలను నమ్మినవాడు మాత్రమా వంశములలో నొక్కడును లేకపోయెను.

తరువాతి కథ పొట్టిది. 1947లో ఆంగ్లేయులు వెడలగా వారి సార్వభౌమాధికారమును వారితోనే పోయెను. 1948 జూలైలో పటియాలా, నాభా, జింద్, మఱికొన్ని సంస్థానములు కలసి పెప్సూ రాష్ట్రముగా నేర్పడినవి. 1956లో నది పంజాబులో లీనమయ్యెను. నాభాకు చివరి పాలకుడు ప్రతాప సింగు. రెండు వందల యేండ్లు పటియాలాతో పెద్దరికమునకై పోరిన నాభా నేడు పటియాలా జిల్లాలో నొక పట్టణము. తగవు తీరినది, తీర్చినవాడు ఏజెంటు కాడు, వోటుగల ప్రజ.

జైతోలో గంగ్‌సర్ గురుద్వారము నేటికిని నిలిచియున్నది. అందు పారాయణము చేయుట కెవ్వరి యనుమతియు నక్కరలేదు. ఆనంద వివాహములు నేటికిని జరుగుచున్నవి. కొడైకెనాలు కొండమీద గద్దెలేక చనిపోయిన యా మహారాజు తన ప్రజలకు మిగిల్చిపోయినవి ఈ రెండే. ఒకటి ఆయన బుద్ధిపూర్వకముగా నిచ్చినది. రెండవది ఆయన పేరుతో ప్రజలు రక్తమిచ్చి తామే సంపాదించుకొన్నది. గద్దె వీనిలో చేరలేదు. అది ఆయన సొత్తని ఆయన యనుకొనెను. తమ సొత్తని దొరలనుకొనిరి. అది యెవ్వరిదో జైతో బాటలో నడచిన పాదములకు తెలియును.